పెట్టె తెరవాల్సింది ఆటగాడి తెలివా, పాత్ర నైపుణ్యమా?

సీతమ్మధార: మొన్న ఆదివారం మా మేడమీద గదిలో 1981 నాటి బేసిక్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలతో ఆట నడిపాను. ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాటలతో, పాచికలతో సాహసాలు చేసే ఆట ఇది. నేలమాళిగలో ఒక ఇనుప పెట్టె దొరికింది. మొదటి స్థాయి దొంగ పాత్ర ఆడుతున్న మా పిన్ని కొడుకు వెంటనే పాచికలు అందుకున్నాడు. ఆ పుస్తకం ప్రకారం ఉచ్చు కనిపెట్టే అవకాశం అతనికి నూటికి పది. ఇంతలో యోధుడి పాత్ర ఆడేవాడు అతన్ని ఆపి, "మడతబందులు ఏ వైపున్నాయి? బయటికి కనిపిస్తున్నాయా?" అని నన్ను అడిగాడు. కనిపిస్తున్నాయన్నాను. తాళం కన్నంలో విషపు సూది ఉందని నేను ముందే రాసి పెట్టుకున్నాను. వాళ్లు తాళం జోలికే పోకుండా వెనకున్న మడతబందుల మేకులు ఊడదీశారు. పాచిక కదలకుండానే మూత లేచింది. మా తమ్ముడు మాత్రం "మరి నా పాత్ర దేనికి?" అని నొచ్చుకున్నాడు. నేను చేసింది సరైనదేనని నమ్ముతున్నాను. మీరేమంటారు?

గాజువాక: సరికాదండీ. నేను ఫిట్టర్‌ని, రోజంతా బోల్టులతోనే పని. నా పాత్ర అడవిలో పెరిగిన యోధుడు, తెలివి పద్దెనిమిదికి 5. వాడు మడతబందుల కిటుకు చెబితే అది నేను ఆడినట్టా, వాడు ఆడినట్టా? అందుకే నాకు రూన్‌క్వెస్ట్ అనే ఇంకో ఆట పద్ధతి నచ్చుతుంది. 1978లోనే అందులో ప్రతి నైపుణ్యానికీ ఒక శాతం ఉంది. ఎవరికి ఏది వచ్చో కాగితం మీదే కనిపిస్తుంది.

కైలాసగిరి: నాదొక అనుభవం. నలుగురిలో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. అందుకే ఆకర్షణ 16 ఉన్న పాత్రను ఇష్టంగా ఎంచుకున్నాను. గాబ్లిన్లనే పొట్టి రాక్షసుల నాయకుడితో బేరమాడే ఘట్టంలో తడబడ్డాను. "ఇంతేనా?" అని రిఫరీ, అంటే ఆట నడిపేవాడు, దాడి చేయించేశాడు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఏడ్చాను. పెట్టె దగ్గర ఆటగాడి బుర్ర చాలంటే, బేరం దగ్గర ఆటగాడి నోరే గతి అవుతుంది కదా?

సీతమ్మధార: కైలాసగిరి గారూ, ఇక్కడ అడగవలసిన అసలు ప్రశ్న ఇదే. ఆ రిఫరీ పాత పద్ధతిని పాటించలేదు, తప్పాడు. 1981 పుస్తకంలో ఎదుటివారి స్పందనకు రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తారు. ఆకర్షణ 16 ఉంటే దానికి ఒకటి కలుస్తుంది. ఏమి ఇస్తారో, ఏమి అడుగుతారో మీరు ఒక్క ముక్కలో చెబితే చాలు. ఎంత ఒప్పించేలా చెప్పారన్నది పాచిక తేలుస్తుంది. ఆలోచన ఆటగాడిది, ఒడుపు పాత్రది. నా గీత అక్కడే.

గాజువాక గారూ, 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి మూడు పుస్తకాల్లో దొంగ పాత్రే లేదు. యోధుడు, మాంత్రికుడు, పూజారి, అంతే. దొంగ 1975లో గ్రేహాక్ అనుబంధంతో వచ్చాడు. అంతవరకు ఉచ్చులున్నాయేమోనని కర్రతో నేల తట్టి చూడటం అందరి పనీ. ఆ పనిని ఒక్కరికే రాసిచ్చేస్తే మిగతావాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలి. నాకు అది ఇష్టం లేదు.

గాజువాక: బేరం విషయంలో ఒప్పుకుంటాను. కానీ గాయాలు వాటంతటవే మానిపోయే ట్రోల్ అనే రాక్షసుడి గాయాలు మానకూడదంటే నిప్పో ఆమ్లమో కావాలని పాత ఆటగాళ్లందరికీ తెలుసు. కొత్త పాత్రకు ఎలా తెలుస్తుంది?

సీతమ్మధార: రుషికొండలో అలల లాగుడు ఎంత ప్రమాదమో ఈత రాని పిల్లలకు కూడా తెలుసు. పెద్దవాళ్లు చెబుతారు. ట్రోల్‌లు తిరిగే లోకంలో నిప్పు సంగతి పిల్లలకు తెలియకుండా ఉంటుందా? తెలిసినా నిప్పు రాజేసే వ్యవధి దొరకాలి కదా, కష్టం అక్కడుంది.

ఎంవీపీ కాలనీ: అన్నయ్యా, ఆ దొంగ పాత్ర నాదే. పెట్టె వేరేవాళ్లు తెరిచారని కాదు నా బాధ. రాతి గదిలో ఇనుప మేకులు ఊడదీస్తే ఎంత చప్పుడవుతుంది? చప్పుడు కాకుండా నన్ను తీయమని ఎవరూ అనలేదు, నువ్వూ అడగలేదు. నిశ్శబ్దంగా కదలడానికి నాకు నూటికి ఇరవై ఉంది.

సీతమ్మధార: నిజమే తమ్ముడూ, ఆ చప్పుడు నాకు తట్టనే లేదు. తిరుగాడే మృగాలు వస్తాయేమో తేల్చడానికి పాచిక వేయాల్సింది, ఆరింట ఒక వంతు అవకాశం; వేయలేదు. వచ్చే ఆదివారం చివరి మేకు దగ్గర నుంచే మొదలుపెడదాం. ఆ మేకు నువ్వు తీయి.