రాజ్యాంగానికి 75 ఏళ్లు: ఉత్సవాలకు ఒక కమిషన్ ఉండాల్సిందా?

కృష్ణలంక: 2024 నవంబర్ 26న పాత పార్లమెంటు భవనం సెంట్రల్ హాల్లో నాణెం, స్టాంపు విడుదల చేశారు. ఏడాదంతా ఉత్సవాలన్నారు. మా వీధిలో ఏమీ కనపడలేదు. అమెరికా వాళ్లు 1987లో తమ రాజ్యాంగం 200 ఏళ్ల వేడుకకి ప్రత్యేకంగా కమిషన్ వేసుకున్నారు. దాన్ని నడపడానికి వారెన్ బర్గర్ ఏకంగా వాళ్ల సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ పదవే వదులుకున్నాడు. మనకెందుకు లేదు?

పాతబాకీ: ఇంకో కమిషన్, ఇంకో పది కార్లు.

ఓరుగల్లు: అసలు నవంబర్ 26న పండగేంది? అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26. ఈ రాజ్యాంగ దినం 2015లో పెట్టింది.

కృష్ణలంక: ఆమోదించింది ఆ రోజే కదండీ. పౌరసత్వం, ఎన్నికల కమిషన్ అధికరణలు ఆ రోజే అమల్లోకి వచ్చాయి. 394వ అధికరణ చూడండి.

ఓరుగల్లు: చూసిన. కొన్ని వస్తే మొత్తం వచ్చినట్టా?

గోదారి టీచర్: తేదీ గొడవ ఆపండి బాబూ. ఆ రోజు పిల్లలతో పీఠిక చదివించి ఫొటోలు పెట్టమని పైనుంచి ఒకటే మెసేజ్‌లు. ‘సమానత్వం’ అని గొంతెత్తి చదివిన పిల్లల్లోనే ఇద్దరు, వంటామెది ఏ కులమో తెలిసి బడిలో అన్నం తినరు. రిపోర్టులో రాస్తే ‘ఇవన్నీ ఎందుకమ్మా’ అన్నారు. నాకు మెమో ఒక్కటే తక్కువ.

కృష్ణలంక: అది ఊరి తప్పు టీచరమ్మా, ఉత్సవం ఏం చేసింది? పండగ రోజు కూడా తప్పులే ఎంచాలా?

గోదారి టీచర్: ఎంచాలి. బర్గర్‌తో ఏళ్ల తరబడి ఒకే బెంచి మీద కూర్చున్న థర్‌గుడ్ మార్షల్, ఆ కోర్టులో మొదటి నల్లజాతి జడ్జి, అదే 1987లో ఎంచాడు. ఆ రాజ్యాంగం మొదట్నుంచీ లోపాలతోనే ఉందన్నాడు. మన అంబేద్కర్ గారు 1949 నవంబర్ 25నే చెప్పారు, జనవరి 26న వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నామని. రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం. మీ కమిషన్ ఆ మాటని పోస్టర్ మీద వేస్తుందా?

ఓరుగల్లు: చూసిన్రా, ఆయన కూడా జనవరి 26 అనే అన్నడు.

కృష్ణలంక: మీకు తేదీ పిచ్చి పట్టింది. దుర్గాబాయమ్మ, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, మనవాళ్లు రాజ్యాంగ సభలో అంత కష్టపడ్డారని పిల్లలకు చెప్పొద్దా?

ఓరుగల్లు: ఎవరన్నా ‘మనవాళ్లు’? వాళ్లు మద్రాసు నుంచి పోయిన్రు. హైదరాబాద్ సంస్థానం నుంచి ఆ సభలో ఒక్కరు కూర్చోలేదు. నవంబర్ చివర్ల నిజాం ఫర్మానా ఇస్తే మాకు ఈ రాజ్యాంగం వచ్చింది. మా తాతను ఎవరూ అడగలేదు. ‘మేము ఆమోదించాం’ అని నేనెట్ల పండగ చేసుకోవాలె?

కృష్ణలంక: ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా! కమిషన్ ఉంటే ఇలాంటివే బయటికొస్తాయి.

గోదారి టీచర్: రానిస్తారా? మైకు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పండి ముందు. మా వంటామెను మీ ఉత్సవ సభకు పిలుస్తారా?

పాతబాకీ: పిలుస్తారు, వంటకి.

కృష్ణలంక: వెటకారం చాలు. ఆమెను వేదిక మీదకు పిలవమని నేనే అర్జీ పెడతాను. పెట్టడానికి ఒక ఆఫీసుండాలి కదా, అందుకే కమిషన్ అంటున్నా.