బాబు థెరపీ కోసం హైదరాబాద్‌కి మకాం మార్చాలా, నంద్యాలలోనే ఉండాలా?

నంద్యాల అమ్మ
అందరికీ నమస్కారం. మా బాబుకి 2 ఏళ్ల 10 నెలలు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని అక్కడిదాకా లాక్కెళ్తాడు. ఏడాదిన్నరకి "అమ్మ" అన్నాడు, తర్వాత అది కూడా పోయింది. పోయిన నెల పిల్లల డాక్టరు ఆటిజం అని రాశారు. హైదరాబాద్‌లో ఒక సెంటర్‌కి తీసుకెళ్తే గంటసేపు చూసి, రోజుకి 3 గంటల చొప్పున రెండేళ్లు, నెలకి 38 వేలు, అయిదేళ్లలోపు చేయకపోతే ఇక లాభం లేదు అన్నారు. మా వారిది ఎరువుల షాపు, వదిలి రాలేరు. నేనూ బాబూ అక్కడ గది తీసుకుని ఉండాలి. పొలం అమ్ముదామా అనుకుంటున్నాం. అత్తగారేమో మగపిల్లలకి మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకే వచ్చాయి, ఊరుకోండి అంటున్నారు. రాత్రుళ్లు నిద్ర లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఎల్బీ నగర్ అమ్మ
చెల్లీ, ఆలోచించొద్దు, వచ్చెయ్. మేం సూర్యాపేట నుంచి వచ్చాం, అప్పుడు మా వాడికి మూడేళ్లు, ఇప్పుడు తొమ్మిది. వచ్చిన ఏడాదికి "అమ్మా నీళ్లు" అన్నాడు. ఆ రోజు స్టీల్ గ్లాసు చేతిలోంచి జారిపోయింది నాకు. ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతాడు, మామూలు స్కూల్లో రెండో తరగతి. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, ఈ వయసు మళ్లీ రాదు.

పల్లెటూరి పెద్దమ్మ
మా మేనల్లుడు నాలుగేళ్లకి మాట్లాడాడు తల్లీ. టెన్షన్ పడకు. వస పోశారా?

కడప నాన్న
పెద్దమ్మా, వచ్చిన మాట పోయింది అంటున్నారు ఆమె, అది ఆలస్యం కాదు. వస పోసుకుంటూ కూర్చుంటే ఏడాది పోతుంది.

నంద్యాల అమ్మగారూ, పొలం మాత్రం అమ్మకండి. మా పాపకి 14. మేం ఊరు వదల్లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, పాత పేరు ఎన్ఐఎంహెచ్, మానసిక ఎదుగుదల సమస్యలున్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1984 నుంచి ఉంది. అక్కడ పరీక్షలన్నీ చేసి, ఇంట్లో ఏం చేయించాలో రాసిచ్చి, తల్లిదండ్రులకి చేసి చూపిస్తారు. దూరం నుంచి వచ్చేవాళ్లు కొన్నాళ్లు ఉండి నేర్చుకోవడానికి ఫ్యామిలీ కాటేజీలు ఉంటాయి, ముందే అడిగి వెళ్లండి. కొన్ని నెలలకోసారి వెళ్లి చూపించుకోవడం, మిగతా రోజులు ఇంట్లో చేయించడం, ఇదే మా పద్ధతి. ఊళ్లో సాయానికి మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం, ప్రభుత్వ బడుల పథకం సమగ్ర శిక్ష వాళ్లది. జిల్లాకి డీఈఐసీ, అంటే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద, ఎదుగుదల సమస్యలున్న చిన్నపిల్లల్ని చూసే కేంద్రం, ఎక్కడుందో మీ పీహెచ్‌సీలో అడిగితే చెప్తారు. ఈ రెండు చోట్లా రూపాయి తీసుకోరు.

ఎల్బీ నగర్ అమ్మ
అన్నా, భవిత కేంద్రం గురించి నాకు చెప్పకండి. మా మండలంలో వారానికి రెండు రోజులు తెరిచేవాళ్లు, ఒక్క మేడమ్, ఇరవై మంది పిల్లలు, ఒకళ్లకి వినబడదు, ఒకళ్లు నడవలేరు, మా వాడు మూలన కూర్చుని చెప్పు తిప్పుకునేవాడు. ఆవిడ మంచిదే, ఏం చేయగలదు పాపం. ఇంట్లో చేయించండి అంటారు సరే, చేయించేది ఎవరు? ఇంతకీ మీ పాప మాట్లాడుతుందా?

కడప నాన్న
ఇక్కడ ప్రశ్న అది కాదు మేడమ్. ఎరువుల షాపు మీద బతికే కుటుంబం ఫీజు, గది అద్దె, ఖర్చులు కలిపి నెలకి 55, 60 వేలు ఎక్కడినుంచి తేవాలి అనేది ప్రశ్న.

స్పీచ్ రూమ్ (రాజమండ్రి)
నేను స్పీచ్ థెరపిస్టుని, పదకొండేళ్లుగా ఇదే పని. అన్నిటికన్నా ముందు బాబుకి బెరా టెస్ట్ చేయించండి, అంటే వినికిడి పరీక్ష. పిలిస్తే తిరగడం లేదంటే చెవి సంగతి తేలాకే మిగతావి.

సెంటర్ ఏ ఊళ్లో ఉన్నా అడగాల్సింది ఒకటే. పిల్లాడితో కూర్చునేది ఎవరు? స్పీచ్ థెరపిస్టుకైనా స్పెషల్ ఎడ్యుకేటర్‌కైనా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, సీఆర్ఆర్ నంబరు అంటారు, అడిగితే ఇవ్వాలి. ఆక్యుపేషనల్ థెరపిస్టులు, అంటే రోజువారీ పనులు నేర్పేవాళ్లు, ఆర్‌సీఐ కిందికి రారు, వాళ్ల డిగ్రీ చూడండి. బోర్డు మీద ఒకరి పేరుండి లోపల ఇంకెవరో, మూడు నెలల ట్రైనింగ్ అయిన అమ్మాయి, చేయించడం చాలాచోట్ల చూశాను. తల్లిని లోపలికి రానివ్వకపోయినా, "ఆరు నెలల్లో నార్మల్ చేస్తాం" అన్నా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

గంటల లెక్క గురించి కూడా. ఆటిజంకి థెరపీ వారానికి 40 గంటలు ఉండాలి అనే మాట 1987లో అమెరికాలో లోవాస్ అనే సైకాలజిస్టు రాసిన అధ్యయనం నుంచి వచ్చింది. అప్పట్లో అందులో పిల్లల్ని గద్దించడం, కొట్టడం కూడా ఉండేవి. ఇప్పుడు పద్ధతులు మారాయి. 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో గోవా, పాకిస్తాన్‌లోని రావల్పిండి పిల్లల మీద చేసిన అధ్యయనం వచ్చింది. 65 మంది పిల్లలు, పెద్ద డిగ్రీలు లేని ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకి నేర్పారు. పిల్లలు తమంతట తాము పలకరించడం, అందుకు పెద్దలు సరిగ్గా స్పందించడం పెరిగాయి. అది చిన్న అధ్యయనమే, అన్ని సమస్యలూ తీరాయని కాదు. కానీ ఇంట్లో చేసేది లెక్కలోకి రాదు అనుకోకండి.

డాలస్ రావు
ఇక్కడ అమెరికాలో మూడేళ్లలోపు ఎర్లీ ఇంటర్వెన్షన్, అంటే చిన్నప్పుడే మొదలుపెట్టే థెరపీ, మూడు దాటితే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు ఐఈపీ, అంటే ఆ పిల్లాడి కోసమే ఒక చదువు ప్రణాళిక, రాస్తారు, చట్టం ప్రకారం స్కూలే చూసుకోవాలి. ఈ ఒక్క కారణంతో మేం ఇండియా రావడం మానుకున్నాం. మన దగ్గర కూడా అడగాలండి.

కడప నాన్న
రావుగారూ, ఆమె ఉన్నది నంద్యాలలో. అయినా మన దగ్గర చట్టం లేక కాదు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి, ఆటిజం అందులో ఒకటి. 40 శాతం పైన సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు. ఆ సర్టిఫికెట్ కోసం పరీక్ష చేసే సదరం క్యాంపుకి స్లాట్ బుక్ చేసుకోండి అమ్మా. ఆంధ్రలో వికలాంగుల పింఛను నెలకి 6 వేలు. ఇలాంటి పిల్లలకి నిరామయ అనే ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చు కొంత అందులో వస్తుంది. పన్ను కట్టేవాళ్లయితే పాత పద్ధతిలో, పన్ను లెక్కేసే ఆదాయంలో 75 వేలు తగ్గుతుంది.

నంద్యాల అమ్మ
సర్టిఫికెట్ వద్దంటున్నారు మా వారు. ఒకసారి రాస్తే జీవితాంతం ఉంటుంది, రేపు వాడు బాగైతే ఎలా, ఊళ్లో తెలిస్తే ఎలా అని.

ఎల్బీ నగర్ అమ్మ
అదీ సంగతి. మగవాళ్లు పేపర్ దగ్గర ఆగిపోతారు. కడప అన్నా, మళ్లీ అడుగుతున్నా. మీరు ఊళ్లోనే ఉండి, ఇంట్లోనే చేయించి ఇంత సలహా చెప్తున్నారు కదా, మీ పాప మాట్లాడుతుందా లేదా? అవును కాదు అని చెప్పడానికి ఇంత సేపా? ఆరేళ్లు నేను ఒక్కదాన్నే గదిలో ఉండి, ఉదయం సెంటర్, మధ్యాహ్నం సెంటర్, సాయంత్రం టైలరింగ్ చేసి వాడికి మాట తెప్పించాను. మా ఆయన నెలకోసారి చుట్టంలా వస్తాడు. ఇంట్లో కూర్చుని డబ్బు మిగిలించుకున్నవాళ్లు అందరికీ నీతులు చెప్పడం నాకు నచ్చలేదు.

కడప నాన్న
మాట్లాడదు.

14 ఏళ్లు, ఒక్క మాట రాదు. ఇప్పుడు తృప్తిగా ఉందా మీకు? తొమ్మిదేళ్లప్పుడు ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి అడగడం నేర్చుకుంది. తనంతట తాను స్నానం చేస్తుంది. నెలసరి సంగతి వాళ్లమ్మ ఏడాది పాటు బొమ్మతో చూపించి నేర్పింది. అయిదేళ్లలోపు, అయిదేళ్లలోపు అని మీరంతా రాస్తుంటే చదవలేకపోతున్నాను నేను. అయితే నా కూతురు గడువు దాటిపోయిన సరుకా? మా వాళ్లందరూ అన్నారు, హైదరాబాద్ వెళ్లుంటే మాట వచ్చేదని. మా ఆవిడ కూడా ఒకసారి అంది. డబ్బు మిగిలించుకోలేదమ్మా నేను. అప్పు పుట్టలేదు.

స్పీచ్ రూమ్ (రాజమండ్రి)
ఒక్క మాట. త్వరగా మొదలుపెడితే మేలు, అది నిజం. అయిదు నిండగానే నేర్చుకోవడం ఆగిపోతుందనడం తప్పు. ఎంత చేసినా కొందరు పిల్లలకి మాట రాదు, అందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. ట్యాబ్‌తో అడిగినా అది మాటే. ట్యాబ్ అలవాటు చేస్తే మాట రాకుండా పోతుందనే భయం పెట్టుకోకండి, అలా ఏమీ జరగదు.

ఎల్బీ నగర్ అమ్మ
రాత్రి మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. తప్పుగా అడిగాను అన్నా. నేను నమ్మాలి కదా, ఈ ఆరేళ్లు వృథా కాలేదని. ఊళ్లో ఉన్నా వాడికి ఆ మాట వచ్చేదేమో అని ఎవరైనా అంటే నా ఒళ్లు మండుతుంది, ఎందుకంటే అప్పుడు ఈ గది, ఈ ఒంటరితనం అన్నీ ఎందుకు?

చెల్లీ, వచ్చెయ్ అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ పొలం అమ్మకుండా, ముందు అన్న చెప్పిన చోట చూపించు. వస్తే మీ ఆయన్ని వారం వారం రమ్మను. ఒక్కదానివే రాకు.

మొదటి బెంచీ
స్టెమ్ సెల్ ఇంజక్షన్లు అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఆటిజంకి దాన్ని సిఫారసు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డే 2022లో చెప్పింది.

నంద్యాల అమ్మ
అందరికీ దండాలు. మా వారికి ఇదంతా చదివి వినిపించాను. పాప గురించి చదివేటప్పుడు లేచి బయటికి వెళ్లిపోయారు. పొద్దున ఆయనే అడిగారు, సదరం స్లాట్ ఎక్కడ బుక్ చేయాలి అని. బెరా టెస్ట్ బుధవారం.

కడప నాన్న
సచివాలయంలో గానీ మీ సేవలో గానీ చేస్తారమ్మా, ఆధార్ తీసుకెళ్లండి. బుధవారం బాబుని తెల్లవారుజామునే లేపండి, పరీక్షకి వాడు నిద్రపోయి ఉండాలి.

ఎల్బీ నగర్ అమ్మ
అన్నా, ఒకటి అడగాలి. మీ పాప బయటికి వస్తుందా, బస్సు ఎక్కుతుందా? మా వాడు ఇంత మాట్లాడతాడు కానీ హారన్ పడితే చెవులు మూసుకుని రోడ్డు మీదే కూర్చుండిపోతాడు. తొమ్మిదేళ్లవాణ్ణి ఎత్తుకోలేకపోతున్నాను.

కడప నాన్న
ఎక్కుతుంది. పది నెలలు పట్టింది. మొదట ఆదివారం పూట బస్టాండ్‌లో ఆగి ఉన్న బస్సు, ఇంజన్ ఆపి ఉన్నది, ఎక్కి దిగడం, అంతే. కండక్టర్‌కి ముందే చెప్పుకున్నాను. తర్వాత ఇంజన్ ఆన్‌లో ఉన్నది. తర్వాత ఒక్క స్టాప్. చెవులకి పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లుంటాయి కదా, పాటలవి కాదు, చప్పుడు తగ్గించేవి, అవి పెట్టాం. దిగగానే ఒక బెల్లం మిఠాయి. మీ వాడికి ఏది ఇష్టం?

ఎల్బీ నగర్ అమ్మ
జంతికలు.