“త్సాదే నక్షత్రం కాదు”: ఈ వాక్యాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న: అలీస్టర్ క్రౌలీ 1904 ఏప్రిల్‌లో కైరోలో రాసిన ‘ది బుక్ ఆఫ్ ది లా’ థెలీమా మతానికి మూలగ్రంథం. అందులో మొదటి అధ్యాయం 57వ వచనంలో ఈజిప్టు ఆకాశ దేవత నూట్, “నా గ్రంథంలోని ఈ పాత అక్షరాలన్నీ సరైనవే, కాని త్సాదే నక్షత్రం కాదు” అంటుంది. త్సాదే ఒక హీబ్రూ అక్షరం, నక్షత్రం ఒక టారో ముక్క (జోస్యానికి కూడా వాడే బొమ్మల పేకలోది). మరి నక్షత్రం ఏ అక్షరానిది?

జవాబు: 1888లో లండన్‌లో ఏర్పడిన గోల్డెన్ డాన్ అనే గూఢవిద్యా సంఘం 22 హీబ్రూ అక్షరాలను 22 టారో ముక్కలకు జత చేసింది. ఆ లెక్కలో ‘హే’ అక్షరం చక్రవర్తి ముక్కకు, ‘త్సాదే’ నక్షత్రం ముక్కకు వచ్చాయి. వచనం రెండో జతను కొట్టేసి ఊరుకుంది, బదులు చెప్పలేదు. ఆ రెండు అక్షరాలనూ తారుమారు చేయాలన్నది క్రౌలీ వ్యాఖ్యానం.

నాకు ఇది గొప్పగా తోచేది రాశిచక్రంలో. పాత పేకలో న్యాయం ముక్క సంఖ్య 8, బలం ముక్క సంఖ్య 11. బలం ముక్క మీద సింహం, న్యాయం చేతిలో త్రాసు ఉన్నాయి కనుక గోల్డెన్ డాన్ వాటిని సింహ, తులా రాశుల అక్షరాలతో కుదిర్చేందుకు అటూ ఇటూ మార్చింది. ఆ రెండు రాశుల నడుమ ఉన్నది కన్య. ఇక క్రౌలీ తారుమారు చేసిన అక్షరాల్లో హే మేషానిది, త్సాదే కుంభానిది. వాటి నడుమ మీనం. కన్యకు సప్తమం మీనమే కదా! కన్య దగ్గర పడిన మొదటి తారుమారు అనే మెలికకు సరిగ్గా ఎదురుగా, మీనం దగ్గర రెండో మెలిక పడింది. పైగా హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది, హే విలువ 5. 60వ వచనంలో నూట్ తన గుర్తుగా చెప్పుకున్నది అయిదు కోణాల నక్షత్రం.

మరో సభ్యుడు: త్సాదే చక్రవర్తిదనడానికి, చక్రవర్తి అనే అర్థంలో వాడిన ‘త్సార్’, ‘సీజర్’ మాటలు కూడా సాక్ష్యమంటారు కదా?

జవాబు: ఆ సాక్ష్యం నిలవదండీ. లాటిన్‌లో ‘సీజర్’ మాటను ‘క’కారంతోనే పలికేవారు. స్లావిక్ భాషలలోకి వెళ్లాక ‘త్స’ వచ్చింది. హీబ్రూ అక్షరానికి ఇందులో పాత్ర లేదు.

మరో సభ్యుడు: థెలీమా, అగాపే అనే గ్రీకు మాటలు రెండింటిలోనూ అక్షరాల విలువలు కూడితే 93. అది కూడా అక్షరాలలో అంకెలు దాచే మన కటపయాది పద్ధతి వంటిదేనా?

జవాబు: కాదు. కర్ణాటక సంగీతంలో మేచకల్యాణి రాగం అనగానే మ 5, చ 6. తిరగేస్తే 65, అంటే 65వ మేళకర్త (మూల రాగం). పేరు పెట్టినవారే సంఖ్యను అందులో దాచారు, విప్పితే ఒకే జవాబు వస్తుంది. సంకల్పం, ప్రేమ అనే అర్థాలున్న ఆ మాటలు క్రౌలీకి ఎన్నో శతాబ్దాల ముందే ఉన్నాయి. వాటి మొత్తం ఒకటి కావడాన్ని ఆయన గుర్తించి అర్థం ఇచ్చాడు. ధ్యానానికి అది ఆలంబనం కావచ్చు, గ్రంథానికి ప్రమాణం మాత్రం కాజాలదు. 57వ వచనం విషయంలోనూ నేను పట్టుకునేది కూడికను కాదు, మీనం దగ్గర పడిన ఆ మెలికనే.