ఐదు రోజులు నీట మునిగిన స్వర్ణ వరి: ఉంచాలా, దున్నేయాలా?

ప్రశ్న:
కృష్ణా డెల్టాలో పల్లపు చేను, నాలుగెకరాలు. స్వర్ణ, నాట్లేసి నెలయింది. ఐదు రోజులు పూర్తిగా మునిగి, నిన్నటి నుంచి కొసలు బయటపడుతున్నాయి. ఆకులన్నీ బురద, కుళ్లు వాసన. ఇంట్లో అందరూ దున్నేయమంటున్నారు. ఈ సార్వాలో (వానాకాలం పంటలో) ఇంకేమైనా మిగుల్తుందాండీ?

జవాబు 1:
అప్పుడే నాగలి కట్టకండి. ఆకు కుళ్లినంత మాత్రాన పైరు చచ్చినట్టు కాదు, మొవ్వు (కాండం లోపలి లేత మొగ్గ) చూడాలి. మడికి నాలుగైదు చోట్ల దుబ్బు పీకి కాండం మొదలును నిలువునా చీల్చండి. మొవ్వు తెల్లగా, గట్టిగా ఉంటే బతికినట్టే. గోధుమరంగుకి తిరిగి మెత్తబడితే ఆశ లేదు. బతికిన దుబ్బు వారంలో కొత్తాకు వేస్తుంది.

మురుగు నీరు తీసేయండి గానీ మండుటెండలో మడి ఆరబెట్టకండి. వేళ్లు దెబ్బతిని ఉంటాయి, నీరు పీల్చుకోలేక ఆకు ఒక్కపూటలో వాడిపోతుంది. పలచగా నీరుంచి, ఆకుల మీద బురద పోయేలా మంచినీళ్లు పిచికారీ చేయండి.

జవాబు 2:
పై మాటే నాదీ. ఎరువు విషయంలో మాత్రం జాగ్రత్త. నిలిచిన నీళ్లలో యూరియా చల్లితే మురుగు కాల్వ పాలే. నీరు తీశాక, తెల్లవేళ్లు కనబడ్డప్పుడు ఎకరాకు 20 కిలోల యూరియా, 10–15 కిలోల పొటాష్. ఆకు అంచులు పసుపు తిరిగి కొస నుంచి ఎండుతుంటే అది ఎండాకు తెగులు, యూరియా ఆపేయండి. ఆకుల మీద తుప్పు మచ్చలొస్తే జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కొట్టండి.

ఇంకోటి: రైతు సేవా కేంద్రంలో నష్టం రాయించకుండా ఏ మడీ దున్నొద్దు. పంట నష్టం 33 శాతం దాటితేనే ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ. దున్నేశాక చూపించడానికి ఏముంటుంది?

అడిగినవారు:
చీల్చి చూశాను. మూడెకరాల్లో మొవ్వు తెల్లగానే ఉంది! కాల్వ పక్క ఎకరమే పోయింది. నారు లేదు, అందులో ఏం వేయను?

జవాబు 1:
చాలా సంతోషమండీ. మూడెకరాల్లో ఖాళీలకు ఒత్తు దుబ్బుల పిలకలు చీల్చి నాటండి. ఎకరంలో నష్టం రాయించాక దమ్ము చేసి (నీళ్లు పెట్టి బురదగా దున్ని), 120 రోజుల వరి రకం ఎంటీయూ 1010 నేరుగా విత్తండి. డ్రమ్‌సీడర్‌కు (రంధ్రాల డ్రమ్ములతో వరుసల్లో గింజ వేసే పరికరం) ఎకరాకు 12–15 కిలోలు చాలు. 24 గంటలు నానబెట్టి, 24 గంటలు మండె కట్టండి (మొలకెత్తడానికి తడి గోనెలో మూటగట్టి ఉంచండి). మొలక ముక్కు పగిలితే చాలు, పొడవు పెరిగితే డ్రమ్ము రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. వాన సూచన ఉన్న రోజు విత్తొద్దు, గింజంతా ఓ మూలకు కొట్టుకుపోతుంది.

జవాబు 3:
ఏటా మునిగే చేనైతే వచ్చే సార్వాకు స్వర్ణ సబ్-1 (ముంపు తట్టుకునే స్వర్ణ రకం) చూడండి. 2009లో విడుదలైంది, దాదాపు రెండు వారాల ముంపు తట్టుకుంటుంది. మామూలు స్వర్ణ నీళ్లలో పైకి సాగుతూ ఒంట్లో పిండిపదార్థం ఖర్చు చేసేస్తుంది, ఇది ఎదుగుదల ఆపి దాచుకుంటుంది. బియ్యం స్వర్ణలాగే ఉంటుంది. విత్తనం ముందే అడిగి పెట్టుకోండి.