పుండ్ల ఫొటోలు లేకుండా లైంగిక వ్యాధుల పాఠం ఎలా చెప్పాలి?

జీవశాస్త్రం_9: 13–15 ఏళ్ల పిల్లలు, తరగతికి 40 మంది. 40 నిమిషాల పీరియడ్లు రెండు ఉన్నాయి. స్లయిడ్ల నిండా పుండ్లు, పొక్కుల ఫొటోలే. ఉంచాలా, తీసెయ్యాలా? జబ్బులన్నీ వరసగా చెప్పాలా? సిగ్గుపడే పిల్లల చేత ప్రశ్నలు ఎలా అడిగించాలి?

తెల్లకోటు: తీసెయ్యండి. ఆ ఫొటోలు చూశాక పిల్లలకు గుర్తుండేది ఒకటే: పుండు కనబడకపోతే రోగం లేనట్టే. నిజం దానికి తలకిందులు. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. మందు పడకపోతే అది అండాన్ని గర్భాశయానికి చేర్చే ఫాలోపియన్ నాళాల దాకా పాకి, సంతానం కలగకుండా చేయగలదు.

పేర్లు బట్టీ పట్టించకండి, రెండు గుంపులు చాలు. క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ మందులతో నయమవుతాయి. హెచ్‌ఐవీ, హెర్పిస్, హెపటైటిస్ బి, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖ క్యాన్సర్ తేగలిగేది) వైరస్‌లతో వచ్చేవి. వీటిలో చివరి రెండిటికీ టీకాలున్నాయి. హెచ్‌పీవీ టీకాకు అనువైన వయసు 9–14 ఏళ్లు, అంటే మీ క్లాసులో చాలామంది ఆ వయసులోనే ఉన్నారు. ఈ మాట మాత్రం వదలొద్దు.

‘సుఖవ్యాధి’ అనే మాట వాడకండి. వినగానే తీర్పు చెప్పినట్టుంటుంది. సెగ అంటే గనేరియా, సవాయి అంటే సిఫిలిస్ అని ఒక్కసారి చెప్పేస్తే సరి.

గాజుగొట్టం: కనబడకుండా ఎలా పాకుతుందో గ్లాసులతో చూపించొచ్చు. అందరికీ సగం గ్లాసు నీళ్లు. ఒక్కదాంట్లో చెంచాడు వాషింగ్ సోడా పూర్తిగా కరిగించాలి. ఇద్దరు కలిసి నీళ్లన్నీ ఒకే గ్లాసులో పోసి, సగం వెనక్కి వంపుకోవాలి. అలా మూడుసార్లు, ప్రతిసారీ కొత్త జతతో. ‘సోడా ఎవరి గ్లాసుల్లో ఉందో చూసి చెప్పండి’ అనండి, చెప్పలేరు. అప్పుడు ప్రతి గ్లాసులో రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారం ఉంటే గులాబీ తిరిగే ద్రావణం) వేయండి. ఒక గ్లాసుతో మొదలైనా ఎనిమిది దాకా గులాబీ రంగుకు తిరుగుతాయి.

వంటసోడాతో చేస్తే రంగు సరిగ్గా తేలదు, క్షారం చాలదు. కొన్నిచోట్ల కుళాయి నీళ్లే గులాబీ తిరుగుతాయి, ముందురోజు పరీక్షించుకోండి. ఎవరూ తాగకూడదు, కళ్లలో పడకూడదు.

తెల్లకోటు: బాగుంది, కానీ రెండు చిక్కులు. మొదటి గ్లాసు ఎవరిదో ఆరా తీయనివ్వకండి, ఆ పిల్లాణ్ణి ఏడాదంతా ఏడిపిస్తారు. రెండోది, గ్లాసు పంచుకుంటే హెచ్‌ఐవీ వస్తుందనుకుని ఇంటికెళ్తారు. రాదని అక్కడే చెప్పండి.

చీటీలపెట్టె: ప్రశ్నలకు ఒకే సైజు చీటీలు ఇచ్చి అందరి చేతా రాయించండి. ప్రశ్న లేనివాళ్లు ‘ఏమీ లేదు’ అని రాయాలి. కొందరే రాస్తే ఎవరివో తెలిసిపోతుంది. జవాబులు రెండో పీరియడ్‌లో చెప్పండి, ఈలోగా చదువుకోవచ్చు.

కండోమ్ గురించి తప్పకుండా అడుగుతారు. గడువు తేదీ చూడాలి, పళ్లతో చింపకూడదు, రెండు తొడిగితే రాపిడికి చిరిగే ప్రమాదముంది, నూనె తగిలితే లేటెక్స్ పాడవుతుంది. అది కప్పని చోట చర్మం తగిలినా హెర్పిస్, హెచ్‌పీవీ సోకొచ్చు. బలాత్కారం జరిగితే హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజుల మందులుంటాయి, 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఈ సంగతి ఎవరూ అడగకపోయినా చెప్పండి.