పారిస్–నీస్ సైకిల్ పందెంలో ‘గాలివాటం గెలుపు’ అనొచ్చా?

బెంగళూరులో సైకిల్ తొక్కే తెలుగువాళ్ళం కొందరం మార్చి వస్తే పారిస్–నీస్ పందెం కలిసి చూస్తాం. అక్కడ సాయంత్రం అయ్యే ముగింపు మనకు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో వస్తుంది కాబట్టి ఆఫీసుల నుంచి వచ్చినవాళ్ళకీ వీలే. చూస్తూ రాసుకునే కామెంటరీ ఈసారి తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాం. అలా రాస్తుండగా ఒక మిత్రుడు 2019 పందెం గురించి ‘అదంతా గాలివాటం గెలుపు’ అన్నారు. వాదన అక్కడ మొదలై తేలకుండా ఆగిపోయింది. భాష మీద పట్టున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

ఆయన వాడింది పత్రికల అర్థం. ఎన్నికలయ్యాక ‘గాలివాటంగా గెలిచాడు’ అంటే సొంత బలం లేదు, గాలి అటు వీచింది, ఈయన కొట్టుకొచ్చాడు అని. మాట ఆ అర్థంలో స్థిరపడిపోయింది, కాదనను. కానీ ఈ పందెంలో గాలి వల్ల గెలిచినవాడిని అలా అంటే అన్యాయం. అక్కడ గాలి చేసే పని వేరు.

పందెం తెలియనివాళ్ళకు రెండు మాటలు. 1933లో ఆల్బర్ట్ లెజూన్ అనే పత్రికాధిపతి దీన్ని మొదలుపెట్టాడు. ఆయనకు పారిస్‌లో ఒక పత్రిక, నీస్‌లో ఒక పత్రిక ఉండేవి. రెండు ఊళ్ళనూ సైకిళ్ళతో కలిపాడు. ఇప్పుడు 8 రోజులు సాగుతుంది. ఉత్తరాన చలి వదలకముందే బయల్దేరి, ఎండ కాసే దక్షిణ సముద్రతీరానికి చేరుతుంది. అందుకే ఫ్రెంచివాళ్ళు దీన్ని ‘సూర్యుడి వైపు పందెం’ అంటారు. చివర్లో కొండలున్నాయి, అందరూ వాటి గురించే మాట్లాడతారు. పందెం చేజారేది మాత్రం చాలాసార్లు మొదటి రెండు మూడు రోజుల్లో, పారిస్‌కి దక్షిణాన ఉన్న మైదానాల్లో. చెట్టు చాటు లేని గోధుమ పొలాలు, వాటి మధ్య రోడ్డు, మీదికి మార్చి గాలి.

గుంపులో సైకిల్ తొక్కడమంటే ముందువాడి చాటున బతకడమే. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయంలో బెర్ట్ బ్లోకెన్ బృందం 2018లో 121 మంది గుంపు నమూనాను విండ్ టనెల్‌లో పెట్టి చూసింది. గుంపు మధ్యలో, వెనక వైపు ఉన్నవాడికి తగిలే గాలి నిరోధం, ఒంటరిగా వెళ్ళేవాడికి తగిలేదాంట్లో 5 నుంచి 10 శాతమే. ఎదురుగాలి ఉన్నంతసేపు ఈ చాటు అందరికీ దొరుకుతుంది. రోడ్డు మలుపు తిరిగి అదే గాలి పక్కనుంచి కొట్టిందంటే లెక్క మారిపోతుంది.

గాలి ఎడమ నుంచి వస్తోందనుకోండి. చాటు ముందువాడి వీపు వెనక ఉండదు, అతనికి కుడివైపు కాస్త వెనగ్గా ఉంటుంది. రెండోవాడు అక్కడికి చేరతాడు, మూడోవాడు ఇంకాస్త కుడికి. అలా రోడ్డుకి అడ్డంగా ఏటవాలు బారు కడతారు. ముందున్నవాడు కాసేపు లాగి, గాలి వచ్చే వైపుకే తప్పుకుని వెనక్కి జారతాడు, తర్వాతివాడు ముందుకొస్తాడు. ఇది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. చిక్కేమిటంటే రోడ్డు వెడల్పు ఎంతో బారు అంతే. పది, పదిహేను మందితో కుడి అంచు వచ్చేస్తుంది. చోటు దొరకనివాళ్ళు ఆ అంచున ఒకరి వెనక ఒకరు తోకలా వేలాడాలి, ఎవరికీ చాటు ఉండదు. ఒకడి కాళ్ళు సడలి సైకిలు పొడవంత ఖాళీ వచ్చిందంటే వాడితో పాటు వాడి వెనక ఉన్నవాళ్ళందరి పనీ అయిపోయినట్టే.

ఇందులో కొట్టుకొచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. గాలి అందరి మీదా ఒకేలా వీస్తుంది. ఏ ఊరు దాటాక రోడ్డు తిరుగుతుందో, అక్కడ గాలి ఏ పక్క నుంచి వస్తుందో ముందే తెలుసుకుని, ఆ మలుపుకి కిలోమీటరు ముందే మోచేతులతో తోసుకుంటూ మొదటి వరుసకి చేరినవాడు బారులో ఉంటాడు. 2019లో మొదటి రెండు స్టేజ్‌లలోనూ (ఒక్కో రోజు పందెం ఒక స్టేజ్) గాలి గుంపుని చీల్చింది. రెండూ గెలిచింది డిలన్ గ్రూనెవేగెన్, ముగింపు దగ్గర మెరుపు వేగంతో దూసుకెళ్ళే దిట్టమైన స్ప్రింటర్. నన్ను ఆకట్టుకున్నది ఆయన కాదు, ఈగన్ బెర్నాల్. కొలంబియా కొండల్లో పెరిగిన బక్కపలచని కుర్రాడు, గాలికి ఎగిరిపోతాడని అందరూ అనుకునే రకం. వాళ్ళ జట్టు అతన్ని ముందు ఉంచింది, అతను నిలబడ్డాడు. వారం చివర 39 సెకన్ల తేడాతో పందెం గెలిచాడు. అదే వేసవిలో టూర్ డి ఫ్రాన్స్ కూడా గెలిచాడు. దీన్ని గాలివాటం గెలుపు అని కొట్టిపారేస్తామా?

ఇక మాటకొస్తాను. వాటం అంటే వాలు, ఒరిగే తీరు. బాల్కనీ గచ్చు వేసేటప్పుడు మేస్త్రీ ముందు అడిగేది అదే, ‘వాటం ఎటు పెట్టమంటారు?’ బెంగళూరులో పనిచేసే తమిళ మేస్త్రీలు కూడా ‘వాట్టం’ అనే అంటారు. రసమట్టం పెట్టి బుడగ చూస్తాడు, ఆ తర్వాత చెంబుడు నీళ్ళు ఒంపి అవి జాలీ వైపు పారుతున్నాయో లేదో చూస్తాడు. ఎక్కడో మూల నీళ్ళు నిలిస్తే మళ్ళీ తాపీ అందుకుంటాడు. ఎడమచేతి వాటంలోనూ ఈ ఒరుగుడే ఉంది. కాబట్టి గాలివాటం అంటే గాలి ఎటు ఒరిగి వీస్తోందన్న సంగతి. దాన్ని చూసి నడుచుకోవడం నేర్పు. చూడకుండా దానితో కొట్టుకుపోవడం ఇంకోటి. పత్రికలు రెండోదాన్నే మిగిల్చాయి. ‘గాలివాటం చూసి గెలిచాడు’ అంటే మొదటి అర్థం తిరిగి వస్తుంది కదా? మీరేమంటారు?

ఇందిరానగర్ నుంచి ఒక వ్యాఖ్య: మాట వెనక మీ ఆరాటం అర్థమైంది. అయినా ఒక్క ప్రశ్న. సరిగ్గా మలుపు దగ్గర ముందువాడు పడిపోతే, నా చక్రం పంక్చరైతే, నా నేర్పు ఏమైనట్టు? 2017లో స్పెయిన్ రైడర్ కాంటడోర్ మొదటి రోజు గాలిలో సమయం పోగొట్టుకుని, ఆఖరికి పందెం 2 సెకన్లతో ఓడిపోయాడు. అది దురదృష్టం కాదా?

నా జవాబు: పడిపోవడం, పంక్చర్ దురదృష్టమే అండీ, వాటికి మనకు ‘కలిసిరాలేదు’ అన్న చక్కటి మాట ఉంది. గాలి అలా కాదు. జట్లు ముందు ఒక కారుని పంపి ఏ మలుపు దగ్గర గాలి ఎలా ఉందో రేడియోలో చెప్పించుకుంటాయి. అందరికీ తెలిసిన సంగతి చెవిన పడ్డాక కూడా వెనక ఉండిపోతే దాన్ని అదృష్టం ఖాతాలో వేయలేం. 2017 మొదటి రోజునే ఫ్రాన్స్ రైడర్ రొమాన్ బార్డె పడి లేచి, గుంపుని అందుకోవాలని జట్టు కారు పట్టుకుని లాగించుకున్నందుకు పందెం నుంచే తీసేశారు. వెనకబడితే మళ్ళీ కలవడం ఎంత కష్టమో దాన్ని బట్టే తెలుస్తుంది. ఇక మనిషి నేర్పు ఏమాత్రం పనికిరాని గాలి కూడా ఉంటుంది. 2023లో ఆరో స్టేజ్‌ని గాలి వల్ల మొత్తంగా రద్దు చేశారు, దారిలో చెట్లు కూలాయి.

ముళబాగిలు, ఇప్పుడు కె.ఆర్.పురం: అన్నా, మీరు చెప్పిన మొదటి అర్థం మా కోలారు పల్లెల్లో ఇప్పటికీ ఉంది. కళ్ళంలో రాగులు తూర్పారబట్టేటప్పుడు మా అవ్వ ‘గాలివాటం చూసుకోండ్రా’ అనేది. గాలి లేకుంటే చేట పక్కన పెట్టి కూర్చుంటారు. గాలి తిరిగితే నిలబడే దిక్కు మారుస్తారు. లేకుంటే పొట్టంతా కంట్లోకే. మాకు ఆ మాటలో తక్కువచేసే భావమే లేదు.

నా జవాబు: అక్కా, నాకు కావలసిన సాక్ష్యం ఇదే. పారిస్–నీస్ మొదటి రోజుల్లో జరిగేది కూడా తూర్పారబట్టడమే, గింజ ఇటు, తాలు అటు. పత్రికలు ఆ మాటనీ తిట్టడానికే వాడుతున్నాయి చూడండి, ‘ప్రతిపక్షాన్ని తూర్పారబట్టారు’ అని. కామెంటరీలో ‘గాలి గుంపుని తూర్పారబట్టింది’ అని రాస్తాను, అసలు అర్థంలో.

జేపీ నగర్ నుంచి: మీరు బారు అన్నదాన్ని డచ్చివాళ్ళు, స్పానిష్‌వాళ్ళు, ఇటలీవాళ్ళు విసనకర్ర అన్న అర్థమొచ్చే మాటలతోనే పిలుస్తారు. ఫ్రెంచిలోనూ అంతే. విప్పిన విసనకర్రలా ఉంటుందని. మనమూ విసనకర్ర అందామా?

నా జవాబు: హెలికాప్టర్ నుంచి చూస్తే ఆ పోలిక కుదురుతుంది. తెలుగులో మాత్రం విసనకర్ర అనగానే గాలి విసరడం గుర్తొస్తుంది, ఇక్కడ పని గాలిని ఆపడం. బారు నాకు నచ్చడానికి కారణం కొంగల బారు. అవీ ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి పక్కకి జరిగి ఎగురుతాయి. పైగా ‘బారు కట్టారు’, ‘బారు తెగింది’, ‘రెండో బారులో చిక్కుకున్నాడు’ – క్రియలు వాటంతటవే కలుస్తున్నాయి. విసనకర్రకి ఈ సౌలభ్యం లేదు.

ఫ్రేజర్ టౌన్ నుంచి ఒక పెద్దాయన: నాయనా, గుంపు అన్న మాట చప్పగా ఉంది. సైకిల్ గుంపుకి ఫ్రెంచి మాట పెలొటాన్, సైన్యంలో ప్లటూన్, రెండూ ఒకటే మాట. మనకు దండు ఉండగా గుంపు ఎందుకు? మన కంటోన్మెంట్‌ని ఇక్కడ దండు అనే కదా అనేవాళ్ళు.

నా జవాబు: మాష్టారూ, బాగుంది, తీసుకుంటున్నాను. దండు కదిలింది, దండు చీలింది, దండు తరిమి పట్టుకుంది. గుంపుకి లేని క్రమం, ఉద్దేశం దండులో ఉన్నాయి.

ఇందిరానగర్ నుంచి: సరే, ‘గాలివాటం చూసి గెలిచాడు’ ఒప్పుకుంటున్నాను. ‘చూసి’ పడిపోతే మాత్రం పాత అర్థమే వస్తుంది, జాగ్రత్త. ఇంతకీ పక్కనుంచి కొట్టే గాలికి మీ మాట ఏది? అడ్డగాలి అని రాస్తున్నారు కొందరు.

నా జవాబు: పక్కగాలి. అడ్డగాలి అంటే అడ్డుపడే గాలి అనుకుంటారు, అది ఎదురుగాలి వైపు పోతుంది. జులైలో హెబ్బాళ దాటి దేవనహళ్ళి వైపు సర్వీస్ రోడ్డులో తొక్కినవాళ్ళకి తేడా తెలుసు. పడమటి గాలి ఎడమ భుజం మీద పడుతుంటుంది. లారీ దాటినంతసేపు కుడి నుంచి ఒక ఊపు, అది పోగానే సైకిలు చేతిలో ఒక్కసారి ఒరుగుతుంది. ముందుకు పోనివ్వకుండా ఆపదు, పక్కకి నెడుతుంది. కాబట్టి రేపటి కామెంటరీలో ఎదురుగాలి, వెనకగాలి, పక్కగాలి, ఈ మూడే వాడదాం.