సీటీ స్కాన్ నార్మల్ అన్నారు, బాబుకి తలనొప్పి మాత్రం పోవడం లేదు

ప్రశ్న:
మా బాబుకి తొమ్మిదేళ్లు. 12 రోజుల క్రితం సైకిల్ మీంచి పడి తలకి దెబ్బ తగిలింది, కాసేపు ఎక్కడున్నాడో తెలియనట్టు చూశాడు, ఒకసారి వాంతి చేసుకున్నాడు. సీటీ స్కాన్‌లో ఏమీ లేదు, కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అని చెప్పి పంపేశారు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నానికి నుదురు పట్టేసినట్టు నొప్పి, ట్యూబ్‌లైట్ వేస్తే దిండు మొహం మీద పెట్టుకుంటున్నాడు. రోజూ పారాసిటమాల్ వేస్తున్నాను. అత్తయ్యగారేమో నెల రోజులు స్కూలు మానిపించి పడుకోబెట్టమంటున్నారు. మళ్ళీ స్కాన్ తీయించాలా? రాత్రి రెండు మూడుసార్లు లేపి చూసుకుంటున్నాను, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మా పాపకి ఐదు వారాలు పట్టిందండీ. నొప్పి ఎప్పుడొచ్చింది, ఏం తింది, ఎంతసేపు పడుకుంది అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను, అన్నం డబ్బా అలాగే తిరిగొచ్చిన రోజుల్లోనే నొప్పి ఎక్కువని అప్పుడు తెలిసింది. మొదట సగం పూటే పంపాం, మధ్యలో కాసేపు బల్ల మీద తల వాల్చుకోనిమ్మని టీచర్‌ని అడిగాం.

జవాబు 2:
నేను పిల్లల డాక్టర్‌ని. సీటీలో కనపడేది రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి. కంకషన్‌లో దెబ్బతినేది మెదడు పనిచేసే తీరు, అది స్కాన్‌లో కనపడదు, కాబట్టి బాబు నొప్పి నిజమే, నాటకం అనుకోకండి. చాలామందికి నాలుగు వారాల్లోపు తగ్గుతుంది. పూర్తి విశ్రాంతి మొదటి 24–48 గంటలే, నెల రోజులు చీకటి గదిలో పడుకోబెడితే కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. మెల్లగా నడిపించండి, స్కూలు గంటలు పెంచుకుంటూ పోండి. మాత్ర మాత్రం రోజూ వద్దు, వారానికి రెండు మూడు రోజులు దాటితే ఆ మాత్ర వల్లే తలనొప్పి తిరిగి రావచ్చు. ఆస్పిరిన్ అసలొద్దు. పూర్తిగా తగ్గి డాక్టర్ సరేననేదాకా సైకిల్, క్రికెట్ ఆపండి, మానకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రమాదం. రాత్రి లేపక్కర్లేదు, నిద్రే మందు.

నొప్పి అంతకంతకూ పెరగడం, పదేపదే వాంతులు, ఫిట్స్, మాట తడబడటం, లేపినా లేవకపోవడం, ఒక కంటిపాప పెద్దదవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అవేమీ లేకపోతే మామూలుగా రెండో స్కాన్ అవసరం రాదు, అయినా ఈ వారం ఒకసారి మీ డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో ఎవరికైనా మైగ్రేన్ ఉందా? ఉంటే ఎక్కువ రోజులు పట్టొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
నాకే ఉందండీ, కాలేజీ రోజుల నుంచి! ఆ మాట ఎవరూ అడగలేదు. రేపే డాక్టర్‌కి చెప్తాను. సోమవారం నుంచి సగం పూట పంపుతాం, అత్తయ్యగారికి మీ జవాబు చదివి వినిపించాను.